గుల్ల చప్పుడు

రత్నం మేస్త్రి గడ్డపారను తిరగేసి పట్టుకున్నాడు. మొన పైకి, మొద్దు కిందికి. జానెడు ఎత్తు లేపి నేల మీద వదలబోతూ ఆగి రజిత వైపు చూశాడు.

"మేడం, తవ్వే ముంగట జర నేలంత తట్టి చూద్దామా? ఒక్క పూట పడ్తది."

రజిత అప్పటికే నడుము వంచి, పిడికిట్లోంచి సున్నపు పొడి జారవిడుస్తూ గీత గీస్తోంది. షాపు ప్రారంభానికి ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. సీలింగు కాలేదు, అల్మారాలు రాలేదు, కరెంటు పని సగంలో ఉంది. అలాంటప్పుడు ఒక్క పూట అంటే మాటలా? అన్నీ డ్రాయింగులో చూసుకున్నవే కదా, కానియ్యండని చెప్పేసింది. తీరా చూస్తే ఆమె గీస్తున్న ఆ గీతే డ్రాయింగులో లేదు.

గద్వాల బస్టాండు రోడ్డులో రెండంతస్తుల కాంప్లెక్సు అది. కింది అంతస్తులో రోడ్డు వైపు జాగాను స్వరూప చీరల షాపు కోసం కిరాయికి తీసుకుంది. ఊళ్లో చీరల షాపులకు కొదవేమీ లేదు. స్వరూప షాపుకు ఉన్న ప్రత్యేకత ఒక్కటే. షాపు లోపలే గుంట మగ్గం ఉంటుంది, నేల తవ్వి, నేసేవాళ్లు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మగ్గం. చీర కొనేవాళ్లు అది నేసే చేతుల్ని కూడా చూస్తారు. లోపలి పనంతా హైదరాబాద్ కంపెనీ ఒకటి ఒప్పుకుంది. కంపెనీ తరఫున నిలబడి చేయించే మనిషి రజిత. పెద్దమందడి పిల్ల, డిప్లొమా చదివి రెండేళ్లయింది. ఒక్కతే చూసుకుంటున్న మొదటి సైటు ఇదే.

డ్రాయింగులో మగ్గం అద్దాల పక్కన, రోడ్డుకు ఎదురుగా ఉంది. నిన్న స్వరూప మామ బక్కయ్య వచ్చి, నేసేవాళ్ల మొహం తూర్పుకు ఉండాలన్నాడు. వాళ్లింట్లో ఎన్ని తరాలైనా పడమటికి తిరిగి పడుగు కట్టింది లేదట. రోడ్డేమో పడమటి దిక్కున ఉంది. మగ్గాన్ని తూర్పుకు తిప్పితే వచ్చేవాళ్లకు నేతగాళ్ల వీపులే కనిపిస్తాయి. రజిత కాసేపు ఆలోచించి, మగ్గాన్ని పది అడుగులు లోపలికి జరిపితే జనం చుట్టూ తిరిగి చూడవచ్చంది. బక్కయ్య సంతోషపడ్డాడు, స్వరూప సంతోషపడింది. ఆ మార్పును కాగితం మీద పెట్టాలన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. హైదరాబాద్‌కు ఫోన్ చేసి చెప్పాలన్నది రజితకు తట్టింది గాని, సాయంత్రం చెబుదాంలే అనుకుంది. ఆ సాయంత్రం రానే లేదు.

రత్నం గడ్డపారను మొన కిందికి తిప్పి, గీత లోపల టైల్సు లేపడం మొదలుపెట్టాడు. అసలు పేరు ఏసురత్నం. వయసు యాభై దాటింది. పుణెలో ఇరవై ఏళ్లు షాపుల పనులే చేసి, ఇక సొంతూళ్లో చేసుకుందామని నిరుడు తిరిగొచ్చాడు. ఆయన భార్య దేవమ్మ తట్టతో పక్కనే ఉంటుంది. ఇద్దరి మధ్య మాటలు తక్కువ. ఆయన చెయ్యి చాపితే ఏం కావాలో ఆమెకు తెలుసు, సుత్తో తాపీయో ఆ చేతిలోకి వచ్చి పడుతుంది.

టైల్సు లేచాయి. వాటి కింది కాంక్రీటు పగిలింది. అడుగు లోతు మొరం తీశాక నాలుగో పోటుకు గడ్డపార సర్రున దిగిపోయింది. రాయి తగిలిన చప్పుడు లేదు, మట్టి పట్టిన బరువు లేదు. నిలువునా మూరెడు లోపలికి పోయింది. ఇంకొకరైతే మళ్లీ లాగి మళ్లీ పొడిచి ఉండేవాళ్లు. రత్నం కదలకుండా నిలబడ్డాడు. గడ్డపారను వదలకుండా, గొంతు పెంచకుండా, దేవమ్మను గుంట అంచు నుంచి వెనక్కి పొమ్మన్నాడు. ఆమె వెళ్లాక తానూ అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చాడు. పరంజా చెక్క ఒకటి తెచ్చి గుంటకు అడ్డంగా వేసి, దాని మీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కింద బోలుగ ఉంది మేడం. నింపిన మట్టి కుంగింది. చెయ్యి పట్టేంత సందుంది. ఇయ్యాల ఇగ ఎవలు దిగొద్దు."

రజిత చేతికంటిన సున్నం దులుపుకుంది. ఒక్క పూట అడిగాడు ఈ మనిషి, తను ఇవ్వలేదు. ఇప్పుడు ఎన్ని పూటలు పోతాయో తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు డ్రాయింగు విప్పి చూసుకుంది.

కాంప్లెక్సు యజమాని బాలకృష్ణ పై అంతస్తులోనే ఉంటాడు. కబురు అందగానే దిగి వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు, ఆ మెత్తదనంలోనే కత్తి ఉంటుంది. గుంటలోకి తొంగి చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. బిల్డింగుకు ఏమైనా అయితే జవాబుదారీ ఎవరని అడిగాడు. ఎవరి తప్పు వల్ల ఇది జరిగిందో కంపెనీ కాగితం రాసి ఇచ్చేదాకా పని ఆపాలన్నాడు. ఎల్లుండిలోగా కాగితం రాకపోతే స్వరూపతో చేసుకున్న కిరాయి ఒప్పందం రద్దయినట్టేనని చెప్పి పైకి వెళ్లిపోయాడు. స్వరూప అక్కడే ఉంది. మగ్గం కోసం తెచ్చిపెట్టిన పలకలు గోడకు ఆనించి ఉంటే, వాటి మీద దుమ్మును కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

హైదరాబాద్‌లో రజిత పైఅధికారి క్రాంతి కుమార్ ఫోన్‌లో అంతా విన్నాడు. ఆయన అడిగింది ఒకటే. డ్రాయింగులో గుంట ఎక్కడుంది, తవ్వింది ఎక్కడ? రజిత చెప్పింది.

"అయితే మేస్త్రి డ్రాయింగు దాటి తవ్వాడు. అంతే రజితా. నేను లెటర్ పంపుతా, అతనితో సంతకం పెట్టించు. మనం వేరే వాళ్లను పంపిద్దాం. గుంట కాంక్రీటుతో నింపేయండి, మగ్గం సంగతి మర్చిపొమ్మని ఆవిడకు చెప్పు."

గీత గీసింది నేను సార్ అని చెప్పడానికి రజిత నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. ఫోన్ పెట్టేశాక, ఎందుకు చెప్పలేదో తనకే తెలియలేదు. తెలియకేం? ఇంటి దగ్గర ఆమె ఉద్యోగం గురించి పదిమందికి చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి రజిత షాపు దగ్గరికొచ్చేసరికి రత్నం అప్పటికే పనిలో ఉన్నాడు. పని ఆపాలన్నారు గాని తట్టి చూడొద్దని ఎవరూ అనలేదు కదా అన్నాడు. గడ్డపార మొద్దు వైపు నేల మీద వదిలి, మెడ ఒక పక్కకు వంచి వింటున్నాడు. తలుపు దగ్గర మొదలుపెట్టాడు. ఒక టైలు, ఒక దెబ్బ. దేవమ్మ వెనకాలే చాక్‌పీసుతో నడుస్తోంది. చప్పుడు గట్టిగా ఉంటే ఆమె ఏమీ గీయదు. గుల్లగా ఉంటే టైలు మీద చిన్న చుక్క పెడుతుంది. రోడ్డు మీద ఆటో పోతే రత్నం చెయ్యెత్తి ఆగుతాడు. ఆటో పోయాక మళ్లీ అదే టైలు తడతాడు.

రజిత మొదట పక్కన నిలబడి చూసింది. తర్వాత తనూ కింద కూర్చుంది. మొదట అన్ని చప్పుళ్లూ ఒకేలా వినిపించాయి. ఓ గంటకు తేడా తెలిసింది. గట్టి నేల మీద గడ్డపార ఠక్కున ఎగిరి చేతికి తిరిగొస్తుంది. గుల్ల నేల మీద ఎగరదు, దబ్బుమని అక్కడే నిలబడిపోతుంది. చెవితో కంటే చేతితోనే ముందు తెలుస్తుందని రత్నం చెప్పి గడ్డపారను ఆమె చేతికిచ్చాడు. ఆమె వదిలి చూసింది. నిజమే, చేతికి తెలిసింది. కాలేజీలో మూడేళ్లు చదివిన చదువులో ఈ పాఠం లేదు.

పదకొండింటికి చుక్కలన్నీ అయ్యాయి. రత్నం లేచి నిలబడి, దేవమ్మను చుక్కలన్నీ కలిపి గీయమన్నాడు. ఆమె వంగి గీసుకుంటూ చుట్టూ తిరిగి వచ్చింది. గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. షాపు నేల మీద ఎనిమిది అడుగుల గుండ్రని వలయం తయారైంది, చేత్తో గీసినా పెద్ద వంకర లేదు.

"బాయి" అంది దేవమ్మ.

అంతే. అది పూడ్చిన పాత బావి. రజిత గీసిన గుంట గీతలో సగం ఆ వలయం లోపల, సగం బయట ఉంది. రత్నం వెంటనే టేపు తీసి వలయం అంచు నుంచి దగ్గరి స్తంభానికి కొలిచాడు. మూడడుగులు పైనే ఉంది. టేపు చుట్టేస్తూ, స్తంభం బావి మీద లేదు, బిల్డింగుకు భయం లేదేమో, అయినా చదువుకున్నోళ్లు చూసి చెప్పాలన్నాడు. తన డిప్లొమా కాలేజీలో పాఠం చెప్పిన భాస్కర్ సారుకు రజిత అప్పటికప్పుడే ఫోన్ చేసింది. ఆయన మహబూబ్‌నగర్ నుంచి రేపు వస్తానన్నాడు.

అంతలో బాలకృష్ణ మెట్లు దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏమైందని అడగబోయి నేల మీది వలయం చూసి ఆగిపోయాడు. దాని వైపు చూశాడు, అరిగిన చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డ దేవమ్మ వైపు చూశాడు. మళ్లీ మెట్లెక్కాడు. ఈసారి మెల్లగా ఎక్కాడు, మెట్టు మెట్టుకూ కడ్డీ పట్టుకుని.

సాయంత్రం క్రాంతి కుమార్ పంపిన లెటర్ ఫోన్‌లోకి వచ్చింది. రజిత దాన్ని జిరాక్సు షాపులో ప్రింటు తీయించింది. మేస్త్రి ఏసురత్నం డ్రాయింగుకు విరుద్ధంగా, సూపర్‌వైజర్‌కు చెప్పకుండా సొంత నిర్ణయంతో తవ్వాడని, అతణ్ణి పని నుంచి తొలగించామని అందులో ఉంది. కింద సంతకాలకు రెండు చోట్లున్నాయి, ఒకటి మేస్త్రికి, ఒకటి రజితకు. ఆమె దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. చూపించకూడదనే అనుకుంది. కానీ దాచిన మొహం దాగుతుందా? ఏం కాగితమని రత్నమే అడిగాడు.

ఆయన అక్షరం అక్షరం కూడుకుంటూ చదివాడు. రెండుసార్లు చదివాడు. దేవమ్మ ఏమని రాసి ఉందని అడిగితే చెప్పాడు. ఆమె తట్టలోని తాపీ తీసి బోర్లించింది.

"ఈ కాయితం ఊర్ల తిరిగితే మనకు ఇగ షాపు పని ఎవలిస్తరు? మల్ల పుణె బండి ఎక్కుడేనా?"

రత్నం రజిత దగ్గర పెన్ను తీసుకుని, పరంజా చెక్క మీద కాగితం పెట్టి, ఒత్తి ఒత్తి సంతకం చేశాడు. రజిత వద్దంటూ చెయ్యి పట్టుకునేలోగా అది అయిపోయింది.

"నీకు ఇది మొదటి పని మేడం. మొదటి పనికే మచ్చ పడితే ఆడపిల్లకు రెండో పని ఇయ్యరు. నాకేంది, చేతులున్నయి. స్వరూపమ్మ షాపు ఆగొద్దు."

ఆ తర్వాత ఆయన చేసిన పనికి రజిత కళ్లు నిండాయి. తనను తీసేసిన కాగితం పక్కన పెట్టి, ఇంకో కాగితం అడిగాడు. దాని మీద వలయం గీశాడు. తన తర్వాత పనికి వచ్చేవాళ్లకు ఇట్లా చెప్పమని ఒక్కొక్కటే చెప్పాడు. కుంగిన మట్టిని గట్టి పొర తగిలేదాకా తీయాలి. ఇసుక, రాతి పొడి పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి గట్టిపడేలా కొట్టాలి. వలయాన్ని కప్పుతూ, బావి పాత రాతి కట్టడం దాటి రెండడుగులు అవతలికి పోయేలా కడ్డీలతో స్లాబు వేయాలి. మగ్గం గుంట గోడలను ఆ స్లాబుతోనే కలిపి పోయాలి, అప్పుడు పెట్టె వేలాడినట్టు ఉంటుంది, బరువు బావి మీద పడదు. గుంట అడుగున మాత్రం సిమెంటు వేయొద్దు. ఇసుక మీద ఇటుకలు పేర్చి వదిలెయ్యాలి.

అడుగున ఎందుకు వద్దని రజిత అడిగింది.

"బక్కయ్య పెద్దమనిషిని అడుగు. ఎండకాలం నూలు పోగు తెగుతదని గుంటల నీళ్లు జల్లుతరు. బాయి మీద కూసుంటె ఆ తడి ఊరికెనే వస్తది."

తొలగించిన మేస్త్రి, తను చేయబోని పనికి, తను ఎన్నడూ కూర్చోని మగ్గం మీద పోగు తెగకుండా ఆలోచిస్తున్నాడు. ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారని పుస్తకంలో చదివితే రజిత నమ్మేది కాదు. కళ్లముందు చెక్క మీద కూర్చుని, చెవి వెనక పెన్ను పెట్టుకుని ఉన్నాడు కాబట్టి నమ్మింది. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఆమెకు నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి మాత్రం ఏం చేయాలో తెలిసింది.

భాస్కర్ సారు పదింటికి వచ్చాడు. స్తంభం పక్కన రెండడుగుల గుంత తీయించి పునాది చూశాడు. స్తంభం రాతి మీద కూర్చుంది, దానికి ఢోకా లేదన్నాడు. తర్వాత రత్నం గీసిన కాగితం చూశాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని ఇంకోసారి చూశాడు. స్లాబు మందం ఆరు అంగుళాలు చేయమని, కడ్డీలు రెండు వరసలు వేయమని మాత్రం మార్చాడు. మిగతాదంతా అలాగే ఉంచి, కింద తన పేరు రాశాడు. ఈ ఆలోచన ఎవరిదని అడిగాడు.

రత్నం అక్కడ లేడు. పనిముట్లు తీసుకుపోవడానికి వచ్చి, బయట మెట్ల మీద దేవమ్మతో కూర్చున్నాడు. బాలకృష్ణ అప్పుడే దిగివచ్చి కాగితం సంగతేమైందని అడిగాడు. రజిత సంచిలోంచి లెటర్ తీసి ఆయన చేతికిచ్చింది.

బాలకృష్ణ చదివాడు. రత్నం సంతకం దగ్గర వేలు ఆనించి, ఇతనేనా అని బయటికి చూశాడు. రెండో చోటు ఖాళీగా ఉందేమని అడిగాడు.

"వెనక చూడండి సార్" అంది రజిత.

ఆయన కాగితం తిప్పాడు. వెనక ఆమె సొంత చేతిరాత ఉంది. గుంట చోటు మార్చింది నేను, గీత గీసింది నేను, తవ్వే ముందు తట్టి చూద్దామని మేస్త్రి అడిగితే టైము లేదని వద్దన్నది నేను. నేల బోలుగా ఉందని గుర్తుపట్టి పని ఆపింది మేస్త్రి. బావి హద్దు కనిపెట్టింది మేస్త్రి, ఆయన భార్య. తప్పు మేస్త్రిది కాదు. కింద ఆమె పేరు, సంతకం, తేదీ.

స్వరూప మగ్గం పలకల దగ్గర లేచి నిలబడింది. రజిత ఉద్యోగం పోతే పెద్దమందడిలో బస్సు దిగి ఇంటికెలా నడవాలో కూడా ఆలోచించుకుంది.

బాలకృష్ణ నెమ్మదిగా నడిచి వలయం లోపలికి వెళ్లాడు. గుంటకు దూరంగా, చాక్ గీత పక్కన నిలబడ్డాడు. చెయ్యి చాపి గాలిలో ఒక చోటు చూపించాడు.

"గిరక ఈడ ఉండె. చిన్నప్పుడు మా అమ్మ నాతోనే నీళ్లు తోడిపిచ్చేది. కాంప్లెక్సు కట్టేటప్పుడు మా నాయన, నేను కలిసి పూడ్చినం. లారీల మట్టి పోసి, పైన నీళ్లు కూడ కొట్టలే. బాయి మీద జాగ అంటె ఎవరు కిరాయికి తీసుకుంటరని ఎవరికి జెప్పలే."

ఆయన గొంతులో మెత్తదనం అలాగే ఉంది, కత్తి మాత్రం లేదు. లెటర్‌ను చెక్క మీద పెట్టి పెన్ను అడిగాడు. రజిత రాసిన దాని కింద మూడు ముక్కలు రాశాడు. ఈ జాగలో బావి ఉన్న సంగతి నాకు తెలుసు. ఒప్పందంలో చెప్పలేదు. తప్పు నాది. సంతకం పెట్టి, ఆ కాగితాన్ని తనే బయటికి తీసుకెళ్లి మెట్ల మీది రత్నానికి ఇచ్చాడు. రత్నం దాన్ని అక్షరం అక్షరం కూడుకుంటూ చదువుతున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడ్డాడు. చదవడం అయ్యాక, మేస్త్రీ, ఎప్పుడు మొదలుపెడతవని అడిగాడు.

రత్నం కాగితం మడిచి దేవమ్మకిచ్చాడు. దేవమ్మ దాన్ని రవికలో దోపుకుని, తట్ట నెత్తికెత్తుకుని లోపలికి నడిచింది.

బాలకృష్ణ రాసిన మూడు ముక్కల ఫోటో చూశాక క్రాంతి కుమార్ దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. సైటు అయ్యాక మాట్లాడదాం అన్నాడు. స్లాబు మూడు రోజుల్లో పడింది. గోనెసంచులు కప్పి పది రోజులు తడిపారు. అందులో ఏడు రోజులు పొద్దున్నే వచ్చి నీళ్లు పోసింది బాలకృష్ణే. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

ప్రారంభం ముందు రోజు బక్కయ్య గుంటలో కాళ్లు పెట్టి, మొహం తూర్పుకు తిప్పి మగ్గం మీద కూర్చున్నాడు. పక్కన, అంచు పోగుల్ని చీర పోగులతో కలిపే చోట, స్వరూప కూర్చుంది. ఆయన నూలు చుట్టిన నాడెను నాలుగుసార్లు అటూ ఇటూ పంపించి ఆగాడు. వంగి గుంట అడుగున ఇటుకలను చేత్తో తాకి, ఆ చేతిని కోడలి చెంపకు ఆనించాడు. చల్లగా ఉందా లేదా అన్నట్టు చూశాడు. స్వరూప నవ్వింది. ఆ రోజు నేసినంతసేపూ ఒక్క పోగు తెగలేదు.

నెల తిరగకముందే రజితకు నాగర్‌కర్నూల్‌లో మందుల షాపు పని అప్పజెప్పారు. మేస్త్రిని నువ్వే చూసుకో అన్నాడు క్రాంతి కుమార్, అంతకు మించి పాత సంగతి ఎత్తలేదు. పొద్దున్నే రత్నం, దేవమ్మ బస్సు దిగి వచ్చారు. ఖాళీ షాపులో రజిత డ్రాయింగు విప్పింది. దేవమ్మ సున్నపు సంచి మూతి విప్పి ఆమె ముందు పెట్టింది.

రజిత సున్నంలో చెయ్యి పెట్టలేదు. డ్రాయింగు మడిచి, రత్నం దగ్గర గడ్డపార అడిగి తీసుకుంది. దాన్ని తిరగేసి, మొద్దు వైపు కిందికి పెట్టి, తలుపు పక్క మొదటి టైలు మీద వదిలింది. ఠక్కున ఎగిరి చేతికి వచ్చింది. రెండో టైలు మీద వదిలింది. రత్నం గోడకు ఆనుకుని కూర్చుని బీడీ తీసి, ముట్టించకుండా చేతిలో పట్టుకుని వింటున్నాడు. దేవమ్మ కొంగు ముడి విప్పి చాక్‌పీసు తీసింది.